నంబర్ వన్ అయినా సెటిల్ కాలేదా? సానియా మీర్జా డబుల్స్ కథ

ఈ రోజు ఎపిసోడ్ టెన్నిస్ గురించి. కానీ ఒక పెళ్లి భోజనాల దగ్గర మొదలుపెడతాను, ఏమనుకోకండి.

పోయిన నెల మా బంధువుల పెళ్లికి వెళ్లాను. బంతిలో కూర్చున్నామో లేదో, నాకు పెద్దమ్మ వరసయ్యే ఆవిడ పక్కనుంచి అందుకున్నారు. "ఏమ్మా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేశావంట కదా. ఫోన్ ముందు కూర్చుని ఏదో మాట్లాడతావంట. మరి ఎప్పుడు సెటిల్ అవుతావు?" అని. నేను పప్పు కలుపుకుంటూ నవ్వి ఊరుకున్నాను. ఏం చెప్తాం? మన ఇళ్లల్లో "సెటిల్" అనే మాటకి అర్థం ఎవరూ రాసిపెట్టలేదు. కానీ మనం మాత్రం ఎప్పుడూ దాని బయటే ఉంటాం.

ఇంటికొచ్చాక నాకు ఒక పాత ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. 2016 జులైలో సానియా మీర్జా ఆత్మకథ 'ఏస్ అగెయినెస్ట్ ఆడ్స్' విడుదలైంది. ఆ సందర్భంగా టీవీలో ఒక సీనియర్ జర్నలిస్ట్ ఆమెని ఇదే ప్రశ్న అడిగారు. ఇవన్నీ సరే, జీవితంలో ఎప్పుడు సెటిల్ అవుతారు, పిల్లలు, కుటుంబం సంగతేంటి అని. ఒక్కసారి ఆలోచించండి. అప్పటికి ఆమెకి పెళ్లయి 6 ఏళ్లు. డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. అయినా సెటిల్ కాలేదంట! సానియా చాలా ప్రశాంతంగా తిప్పికొట్టింది. నేను సెటిల్ కాలేదని మీకు అనిపిస్తోందా, నంబర్ వన్‌గా ఉన్నా మాకు ఈ ప్రశ్న తప్పదా అన్నట్టు మాట్లాడింది. ఆ జర్నలిస్ట్ అక్కడికక్కడే క్షమాపణ చెప్పారు. అది ఆయన గొప్పతనమే.

ఆ క్లిప్ మీలో చాలామంది చూసే ఉంటారు. కానీ నాకు అందులో ఇంకో విషయం కనిపించింది. ఆ "సెటిల్" ప్రశ్న సానియాకి ఆటలో కూడా ఎదురైంది. "నంబర్ వన్ సరే, కానీ డబుల్స్‌లోనే కదా?" అనే మాట మీరూ విని ఉంటారు. నేనైతే అన్నాను కూడా. ఒప్పుకుంటున్నాను. ఈ రోజు ఆ "డబుల్స్‌లోనే కదా" అనే మాటని కాస్త విప్పి చూద్దాం.

ముందు డబ్బు సంగతి చూద్దాం, ఎందుకంటే చిన్నచూపు అక్కడే లెక్కల్లో కనిపిస్తుంది. స్క్రీన్ మీద వేస్తున్నాను చూడండి. 2015 వింబుల్డన్‌లో సింగిల్స్ ఛాంపియన్‌కి 18 లక్షల 80 వేల పౌండ్లు. డబుల్స్ గెలిచిన జంటకి 3 లక్షల 40 వేల పౌండ్లు. అది ఇద్దరికీ కలిపి. అంటే ఒక్కొక్కరికి 1 లక్షా 70 వేలు. అదే గడ్డి, అదే సెంటర్ కోర్ట్, అదే రెండు వారాలు. కానీ డబ్బు సుమారు 11వ వంతు. టీవీలో అయితే సింగిల్స్ అయిపోయాక మిగిలిన టైమ్‌లో డబుల్స్ వేస్తారు. అంటే టెన్నిస్ ప్రపంచమే డబుల్స్‌ని రెండో బంతి భోజనంలా చూస్తుంది. ఇక మనం ఎంత?

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. సానియా పుట్టింది ముంబైలో, 1986 నవంబర్ 15న. పెరిగింది పూర్తిగా మన హైదరాబాద్‌లో. 6 ఏళ్లకి రాకెట్ పట్టింది. తను నేర్చుకున్న కోర్టుల గురించి ఆమె చాలాసార్లు చెప్పింది. పేడతో అలికిన కోర్టులు అవి. మొదట కోచ్ ఈ పిల్ల మరీ చిన్నది, నేర్పను అన్నారట. ఒక నెల తర్వాత ఆయనే ఇంట్లోవాళ్లని పిలిచి, ఈ వయసులో ఇంత బాగా ఆడే పిల్లని చూడలేదు అన్నారట. వాళ్ల నాన్న ఇమ్రాన్ మీర్జా గారే తర్వాత చాలా కాలం ఆమె ఆటని దగ్గరుండి చూసుకున్నారు.

2003లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచింది. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. అది డబుల్స్ టైటిల్. రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి గెలిచింది. 2004లో ఆమె గెలిచిన మొదటి డబ్ల్యూటీఏ టైటిల్ కూడా డబుల్సే, మన హైదరాబాద్ ఓపెన్‌లో, లీజెల్ హ్యూబర్‌తో కలిసి. అంటే డబుల్స్ ఆమె జీవితంలోకి తర్వాత వచ్చింది కాదు. మొదటినుంచీ పక్కనే ఉంది. మనమే చూడలేదు.

ఎందుకు చూడలేదంటే, 2005 వచ్చింది. అదే హైదరాబాద్ ఓపెన్‌లో ఈసారి సింగిల్స్ గెలిచింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆ నెల ముందే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ ఛాంపియన్ కుజ్నెత్సోవాని ఓడించింది. యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్. 18 ఏళ్ల అమ్మాయి! ముక్కుపుడక, టీషర్టుల మీద ఘాటైన మాటలు, ఆ ఫోర్‌హ్యాండ్. అప్పుడు మా వీధిలో ఆడపిల్లలు షటిల్ బ్యాట్‌తోనే ఫోర్‌హ్యాండ్ కొట్టేవాళ్లు. ఆ బట్టల మీద, ఆ మాటల మీద, ఆమె మతం మీద ఎన్ని గొడవలు జరిగాయో అవన్నీ చెప్పాలంటే ఇంకో ఎపిసోడ్ కావాలి. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంక్ 27కి చేరింది. ఇప్పటిదాకా ఏ భారతీయ మహిళా ఆ నంబర్ దాటలేదు.

దేశం మొత్తం ఒకటే లెక్క వేసుకుంది. 27 అయింది, తర్వాత 10, తర్వాత 1. మనం బీటెక్‌లో ఇలాగే గ్రాఫ్ గీస్తాం కదా, రెండు పాయింట్లు దొరికితే చాలు, సరళరేఖ గీసి ఆకాశం దాకా పొడిగిస్తాం. కానీ ఒంటికి గ్రాఫులు తెలీవు.

సానియా ఫోర్‌హ్యాండ్‌లో అసలు శక్తి మణికట్టులో ఉంది. మామూలు మనుషులకి తిరగనంతగా తిరిగే మణికట్టు. బంతిని చివరి క్షణంలో ఎటు కొడుతుందో అవతలివాళ్లకి తెలిసేది కాదు. ఆ మణికట్టే పోయింది. 2008లో సర్జరీ అయింది. అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి రౌండ్ మధ్యలోనే నొప్పితో తప్పుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడు నాలుగు నెలలు డిప్రెషన్‌లో ఉన్నానని ఆమే చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. కారణం లేకుండా ఏడుపు వచ్చేదట. భోజనానికి కూడా గది దాటి బయటికి రాని రోజులున్నాయట. తన తల తాను దువ్వుకోలేని పరిస్థితి. అప్పుడు ఆమె వయసు ఎంతో తెలుసా? 21. మనలో చాలామంది ఆ వయసులో ప్లేస్‌మెంట్స్ కోసం రెజ్యూమె దిద్దుకుంటూ ఉంటాం.

ఇప్పుడు 2009 జనవరి. ఆస్ట్రేలియన్ ఓపెన్. మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. మొదటి గ్రాండ్‌స్లామ్. తల దువ్వుకోలేని చెయ్యి, కొన్ని నెలల్లోనే ట్రోఫీ ఎత్తింది. ఇక్కడే డబుల్స్ ఆమెకి ఒక మాట చెప్పినట్టుంది. నీ చెయ్యి పోలేదు, నువ్వు దాన్ని వాడే పద్ధతి మారాలి, అంతే అని.

అయినా వెంటనే సింగిల్స్ వదల్లేదు. దీన్ని నేను చాలా ముఖ్యం అనుకుంటాను. మోకాలు ఇబ్బంది పెట్టింది, మళ్లీ సర్జరీ, మళ్లీ ర్యాంక్ పడటం, మళ్లీ ఎక్కడం. 2013 నాటికి గానీ సింగిల్స్ పూర్తిగా ఆపలేదు. అంటే మణికట్టు సర్జరీ నుంచి ఆ నిర్ణయం దాకా సుమారు 5 ఏళ్లు. మోటివేషనల్ రీల్స్‌లో ఒక్క మ్యూజిక్ బీట్‌లో అయిపోయే ఆ "టర్నింగ్ పాయింట్" అసలు జీవితంలో 5 ఏళ్లు పట్టింది.

ఇక్కడ నా గోల ఒక నిమిషం వినండి. బీటెక్ అయ్యాక ఒక కంపెనీలో చేరాను. ట్రైనింగ్ అయ్యాక మా బ్యాచ్‌లో కొందరిని డెవలప్‌మెంట్‌లో వేశారు, నన్ను టెస్టింగ్‌లో వేశారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఆ బాధ తెలుసు. రాసేవాడు హీరో, తప్పులు పట్టేవాడు సైడ్ క్యారెక్టర్. ఇంట్లో "కోడింగ్ చేస్తున్నాను" అని రెండేళ్లు అబద్ధం చెప్పాను. నిజానికి నేను టెస్టింగ్ బాగా చేసేదాన్ని. ఎవరికీ దొరకని బగ్ నాకు దొరికేది. కానీ బాగా వచ్చిన పనినే సిగ్గుగా చేశాను, ఎందుకంటే అది రెండో రకం అని ఎవరో ముందే నిర్ణయించేశారు. సానియా డబుల్స్‌ని సిగ్గుగా ఆడలేదు. తేడా అక్కడే ఉంది.

సరే, అసలు డబుల్స్ అంటే ఏంటి? సగం కోర్టు, సగం కష్టం అనుకుంటాం. చూద్దాం. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌కి 36 అడుగులు. రెండు పక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున పెరుగుతుంది. మనిషికి పరుగు తగ్గుతుంది, నిజమే. మోకాలికి మేలే. కానీ టైమ్ కూడా తగ్గుతుంది. సింగిల్స్‌లో ఇద్దరూ వెనక నిలబడి కొట్టుకుంటారు, ఆలోచించడానికి ఒక క్షణం ఉంటుంది. డబుల్స్‌లో అవతల నెట్ దగ్గర ఒకరు పులిలా కాచుకుని ఉంటారు. మీ రిటర్న్ కాస్త మధ్యలోకి పోయిందా, పాయింట్ పోయినట్టే. నలుగురూ నెట్ దగ్గరికి చేరితే బంతి కళ్లకి కనిపించే లోపు చెయ్యి కదలాలి.

అందుకే సర్వ్ చేసే ముందు నెట్ దగ్గర ఉన్నావిడ వీపు వెనక వేళ్లతో సైగ చేస్తుంది, గమనించారా? నేను అటు దూకుతున్నాను, నువ్వు ఇటు కాసుకో అని. ఆ సైగ అయ్యాక ఆమె వెనక్కి చూడదు. పార్ట్‌నర్ తన ఖాళీని నింపుతుందని నమ్మి దూకాలి. నమ్మకం లేకపోతే ఆ అడుగు అర క్షణం ఆలస్యమవుతుంది. ఆ అర క్షణంలో మ్యాచ్ పోతుంది.

ఇంకో విషయం. గ్రాండ్‌స్లామ్స్ కాకుండా మామూలు టూర్‌లో డబుల్స్‌కి మూడో సెట్ ఉండదు. చెరో సెట్ గెలిస్తే 10 పాయింట్ల సూపర్ టై బ్రేక్. గేమ్‌లో డ్యూస్ వస్తే ఒకే ఒక్క పాయింట్, ఎవరు గెలిస్తే వాళ్లదే గేమ్. అంటే తప్పు చేసి నెమ్మదిగా సర్దుకునే అవకాశం సింగిల్స్ కన్నా తక్కువ. ఇలాంటి ఆటలో వరసగా గెలవడం ఎంత కష్టమో గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను అక్కడికి.

ఈ ఆటలో సానియాకి ఉన్న ఆయుధం రిటర్న్. ఆ ఫోర్‌హ్యాండ్‌తో సర్వ్‌ని నెట్ మనిషికి అందకుండా కోణంలో కొట్టేది. సింగిల్స్‌లో ఆమె బలహీనతలేంటో అందరికీ తెలుసు, రెండో సర్వ్, కోర్టులో పరుగు. డబుల్స్‌లో ఆ రెండూ సగం కప్పుకుంటాయి, బలం మాత్రం రెట్టింపు అవుతుంది. ఇది రాజీ కాదండీ. ఇంజినీర్ భాషలో చెప్పాలంటే సరైన డిజైన్.

కానీ డబుల్స్‌లో ఒక చిక్కుంది. పార్ట్‌నర్ దొరకాలి. నిలబడాలి. పైగా మన దేశంలో ఆ పార్ట్‌నర్ ఎవరో వేరేవాళ్లు నిర్ణయించే పరిస్థితి కూడా వస్తుంది. 2012 జూన్‌లో భూపతితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచింది. అదే నెలలో లండన్ ఒలింపిక్స్ టీమ్ ప్రకటించారు. అప్పటికి మగ ఆటగాళ్ల మధ్య, ఎవరు ఎవరితో ఆడాలి అనే పెద్ద గొడవ నడుస్తోంది. లియాండర్ పేస్‌ని ఒప్పించడానికి, మిక్స్‌డ్‌లో సానియాని ఆయనకి జోడీగా ఇచ్చారు. సానియా బహిరంగంగా ఉత్తరం రాసింది. దేశం కోసం ఎవరితోనైనా ఆడతాను, కానీ ఒకరిని బుజ్జగించడానికి నన్ను ఎరగా వాడారు, ఇది భారతీయ మహిళకి అవమానం అనే అర్థంలో. ఉత్తరం రాసి ఇంట్లో కూర్చోలేదు. వెళ్లి పేస్‌తో ఆడింది, క్వార్టర్‌ఫైనల్ దాకా. మాట చెప్పాలి, పనీ చెయ్యాలి. రెండూ ఒకేసారి చేసింది.

2014 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఆమెని బ్రాండ్ అంబాసిడర్‌గా ప్రకటించింది. వెంటనే ఒక నాయకుడు ఆమె పాకిస్తాన్ కోడలు, మన అమ్మాయి ఎలా అవుతుంది అన్నారు. అప్పటి భర్త షోయబ్ మాలిక్ పాకిస్తాన్ క్రికెటర్ కాబట్టి. టీవీలో మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకుంది. సెప్టెంబర్‌లో బ్రూనో సోరెస్‌తో కలిసి యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచింది. అదే నెల ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన సాకేత్ మైనేనితో కలిసి మిక్స్‌డ్‌లో ఇండియాకి బంగారు పతకం తెచ్చింది. అక్టోబర్‌లో సింగపూర్‌లో కారా బ్లాక్‌తో కలిసి డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది. ఫైనల్ స్కోర్ 6-1, 6-0. మన అమ్మాయో కాదో మీరే చెప్పండి.

కారా బ్లాక్ ఆ తర్వాత ఆట తగ్గించుకుంది. 2015 మొదట్లో సానియాకి స్థిరమైన పార్ట్‌నర్ లేదు. మార్చిలో మార్టినా హింగిస్ వచ్చింది. హింగిస్ అంటే మామూలు మనిషి కాదు. సింగిల్స్‌లో 5 గ్రాండ్‌స్లామ్స్, మాజీ నంబర్ వన్. రెండుసార్లు రిటైరై మళ్లీ వచ్చింది. అప్పటికి వయసు 34. ఇద్దరూ ఒకప్పుడు సింగిల్స్‌లో ప్రత్యర్థులు. 2006లో సియోల్‌లో సానియా ఆమెని ఓడించింది కూడా.

ఇద్దరూ కలిసి మొదటి టోర్నీ ఇండియన్ వెల్స్ ఆడారు, గెలిచారు. రెండోది మయామి, గెలిచారు. మూడోది చార్ల్స్‌టన్. అక్కడ లెక్క చాలా కఠినం. టైటిల్ గెలిస్తేనే సానియా నంబర్ వన్. ఫైనల్‌లో ఓడినా లాభం లేదు. డబుల్స్‌లో ర్యాంక్ జంటకి కాదు, ఎవరి ర్యాంక్ వాళ్లదే. 2015 ఏప్రిల్ 12న ఫైనల్. 6-0, 6-4. మర్నాడు విడుదలైన ర్యాంకుల్లో ప్రపంచ నంబర్ వన్ పేరు సానియా మీర్జా, ఇండియా. టెన్నిస్‌లో ఆ స్థానం చేరిన మొదటి భారతీయ మహిళ.

ఇప్పుడు ఆ జులై రాత్రికి వెళ్దాం. ఈ ఒక్క మ్యాచ్ తీరిగ్గా చెప్పనివ్వండి. 2015 జులై 11. వింబుల్డన్ సెంటర్ కోర్ట్. ఎదురుగా రష్యా జంట మకరోవా, వెస్నినా. సానియాకి అప్పటికి మిక్స్‌డ్‌లో మూడు గ్రాండ్‌స్లామ్స్ ఉన్నాయి. కానీ మహిళల డబుల్స్‌లో ఒక్కటీ లేదు. 2011లో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌లో, ఇదే వెస్నినా పక్కన ఆడి, ఓడింది. ఇప్పుడు ఆమే ఎదురుగా ఉంది. డబుల్స్ అంటే ఇంతే, నిన్న పక్కన ఉన్నవాళ్లు ఈ రోజు ఎదురుగా ఉంటారు.

మొదటి సెట్ 5-7, పోయింది. రెండోది టై బ్రేక్‌కి వెళ్లింది, 7-6. బతికారు. మూడో సెట్‌లో 2-5. అంటే రష్యా జంటకి ఇంకొక్క గేమ్ చాలు. ఇక్కడ చాలామంది టీవీ కట్టేసి ఉంటారు. అక్కడినుంచి ఒక్కో గేమూ లాగారు. 3-5, 4-5, 5-5. వెలుతురు పోయింది. ఆట ఆపి సెంటర్ కోర్ట్ పైకప్పు మూసి, లైట్లు వేశారు. ఊహించుకోండి, ఊపు మొత్తం మనవైపు తిరిగిన క్షణంలో ఆట ఆగిపోయింది. డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోవాలి. ఒంటరిగా ఉంటే ఆ నిమిషాల్లో బుర్ర ఎన్ని చోట్లకి పోతుందో! పక్కన ఇంకొకరు ఉన్నారు. మళ్లీ వచ్చారు. 6-5. 7-5. అయిపోయింది. అందులో మామూలు టూర్‌లో లాగా మూడో సెట్ బదులు సూపర్ టై బ్రేక్ ఉండి ఉంటే, 2-5 నుంచి లేచే ఈ కథే ఉండేది కాదు.

ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ గెలిచారు. డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచారు. 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా మూడు గ్రాండ్‌స్లామ్స్. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, సూపర్ టై బ్రేకులు, డ్యూస్‌లో ఒకే పాయింట్ ఉండే ఈ ఆటలో వీళ్లు వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. 2015 యూఎస్ ఓపెన్ నుంచి 2016 ఫిబ్రవరిలో దోహా దాకా ఓటమి లేదు. ఇద్దరూ కలిసి మొత్తం 14 టైటిల్స్.

ఇంత బాగుంటే ఎప్పటికీ కలిసే ఆడతారు అనుకుంటాం కదా. 2016 ఆగస్టులో విడిపోయారు. ఆ వేసవిలో ఫలితాలు తగ్గాయి. గొడవ లేదు, బురద చల్లుకోలేదు. వెంటనే సిన్సినాటి టోర్నమెంట్. సానియా కొత్తగా బార్బరా స్ట్రిట్సోవాతో, హింగిస్ కోకో వాండవేతో. విధి చూడండి, ఫైనల్‌లో ఆ రెండు జంటలే ఎదురుపడ్డాయి! అప్పటిదాకా నంబర్ వన్ ఇద్దరిదీ. ఇప్పుడు గెలిచినవాళ్లకే ఆ స్థానం. సానియా జంట 7-5, 6-4 తో గెలిచింది. ఒంటరిగా నంబర్ వన్. ఇన్నాళ్లూ "హింగిస్ వల్లే" అన్నవాళ్లకి సమాధానం వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. మొత్తం 91 వారాలు ఆమె ఆ స్థానంలో ఉంది.

అన్నీ గెలుపులే కాదు. అదే నెలలో రియో ఒలింపిక్స్. రోహన్ బోపన్నతో మిక్స్‌డ్ సెమీఫైనల్ ఓడింది, కంచు పతకం మ్యాచ్ కూడా ఓడింది. నాలుగో స్థానం. నాలుగు ఒలింపిక్స్ ఆడి ఒక్క పతకం లేకుండా ముగించింది. అది అలా మిగిలిపోయింది. దానికి తియ్యని ముగింపు నేను కల్పించలేను.

2017 చివర్లో మోకాలి గాయంతో ఆట ఆగింది. 2018 అక్టోబర్ 30న కొడుకు ఇజాన్ పుట్టాడు. మరి ఇప్పుడు "సెటిల్" అయిపోయింది కదా, మన బంధువుల లెక్క ప్రకారం? కానీ ఆమె లెక్క వేరు. తన ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి ఆమే పోస్ట్ చేసింది, 89 కిలోలు ఒకటి, 63 కిలోలు ఇంకొకటి. 26 కిలోలు తగ్గి, 2020 జనవరిలో హోబార్ట్‌లో నదియా కిచెనోక్‌తో కలిసి దిగింది. తిరిగొచ్చిన మొదటి టోర్నమెంటే గెలిచింది! ఆ ఏడాది ఫెడ్ కప్ హార్ట్ అవార్డు అందుకున్న మొదటి భారతీయురాలు కూడా ఆమే. ఆ డబ్బు కోవిడ్ టైమ్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చేసింది. 2021 సెప్టెంబర్‌లో ఆస్ట్రావాలో జాంగ్ షుయాయ్‌తో గెలిచింది చివరి టైటిల్. లెక్కలో 43వ డబుల్స్ టైటిల్.

2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో చివరి గ్రాండ్‌స్లామ్. మళ్లీ బోపన్నతో మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్లి ఓడింది. మైక్ పట్టుకుని ఏడ్చేసింది. 18 ఏళ్ల వయసులో సెరెనాతో ఆడిన కోర్టులు ఇవి అని గుర్తుచేసుకుంది. 14 ఏళ్లప్పుడు తన మొదటి మిక్స్‌డ్ పార్ట్‌నర్ రోహనే అని చెప్పింది. కొడుకు అక్కడే ఉన్నాడు. మార్చి 5న మన ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ ఆడి ముగించింది. పేడ కోర్టుల్లో మొదలైన ఊళ్లోనే.

ఇప్పుడు చివరి మాట. "ప్యాషన్ ఫాలో అవ్వండి, అన్నీ వదిలేయండి" అని నేను చెప్పను. ఆ మాట ఈ కథలో లేదు. సానియా 27వ ర్యాంక్ దాకా వెళ్లి, ఒళ్లు ఎంతవరకు ఇస్తుందో చూసి, 5 ఏళ్లు తేల్చుకుని, అప్పుడు మారింది. వెనక ఇంట్లోవాళ్లు ఉన్నారు. అందరికీ అంత అండ ఉండదు, నాకు తెలుసు. కానీ ఒక్కటి మాత్రం మనం తీసుకోవచ్చు. ఏది మొదటి రకం, ఏది రెండో రకం అనేది ప్రైజ్ మనీ నిర్ణయించనక్కర్లేదు, పెళ్లి భోజనాల్లో నిర్ణయించనక్కర్లేదు. మీ బలం ఎక్కడ రెట్టింపు అవుతుందో అది మీ కోర్టు. అక్కడ సిగ్గుపడకుండా ఆడాలి.

నేను ఇప్పుడు ఎవరైనా అడిగితే "రెండేళ్లు టెస్టింగ్ చేశాను, బాగా చేశాను" అనే చెప్తున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఆ మ్యాచ్ స్కోర్లు, తేదీలు అన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసింది కూడా ఆ టెస్టింగ్ బుర్రే.

పెద్దమ్మకి మాత్రం ఇంకా జవాబు చెప్పలేదు. వచ్చే పెళ్లిలో చెప్తాను. మీకు కూడా ఇలా "అదేనా, ఇంకేం లేదా?" అని ఎవరైనా అన్న పని ఉంటే, మీరు దాన్ని బాగా చేస్తూ ఉంటే, కింద కామెంట్‌లో రాయండి. చదువుతాను, ఒక్కొక్కటీ చదువుతాను. వీడియో నచ్చితే, డబుల్స్ పార్ట్‌నర్‌లా మీ వెనక నిలబడే ఒక్కరికి పంపండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.